కళ్ళు మూయని మనిషి

మా ఆయనను నా కళ్ళముందే, నా ఇడ్లీలు తింటూ, నా పల్లీ చట్నీ రెండోసారి వేయించుకుంటూ మరీ పనికిరానివాడన్నారు. ఆ ఎండాకాలం మా ఇంటికి అట్లా వచ్చింది.

ఫిల్మ్‌నగర్ దిగుడులో, ఓ ఎడిటింగ్ స్టూడియోకు ఎదురుగా మా టిఫిన్ సెంటర్. ముందు దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. మా దగ్గర నిలబడి తినేవాళ్ళు ఇదివరకు సినిమాల గురించి కొట్లాడుకునేవాళ్ళు. నగరంలో పేటకో టీముతో బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టాక కొట్లాట దానిమీదికి మళ్ళింది. మా జూబ్లీహిల్స్ టీముకు యజమాని ఒక నిర్మాత. కానీ ఆటగాళ్ళను ఏరి తెచ్చే పని మొత్తం మేనేజర్ ఆత్రేయది. మోకాలు చెడినవాడు, కోచ్‌తో పోట్లాడి బయటపడ్డవాడు, వయసైపోయిందని ఇంటికి పంపినవాడు, ఇట్లా ఎవరికీ అక్కరలేని వాళ్ళను చవగ్గా తెచ్చి, వాళ్ళతోనే మొదటి సీజన్లో సెమీఫైనల్ దాకా నెట్టుకొచ్చాడు. మా గిరాకీలో సగం మందికి ఆయన దేవుడు, సగం మందికి పిసినారి.

"ఈసారి మరీ విడ్డూరమండీ," అన్నాడు కమలాకర్ గారు, ఆటగాళ్ళ వేలం జరిగిన మర్నాడు పొద్దున. ఆయన బంజారాహిల్స్‌లో బ్యాంకు ఆఫీసరు. ఆత్రేయను నాలుగు తిట్లు తిట్టనిదే ఆయనకు టిఫిన్ దిగదు. "ముప్పై దాటి ఎప్పుడో అయింది ఆ మనిషికి. సినిమాల్లో హీరో చేత తన్నులు తినే ఫైటరట. బంతిని బుట్టలో వెయ్యడం కూడా సరిగ్గా రాదట. వేలంలో ఒక్కరంటే ఒక్కరు చెయ్యెత్తలేదు. మన మహానుభావుడు ఎత్తాడు."

"ఎత్తిండంటే ఏదో చూసే ఎత్తిండు సార్," అన్నాడు క్రాంతికుమార్. ఎదురు స్టూడియోలో అసిస్టెంట్ ఎడిటర్. ఆత్రేయ ఫ్యాన్స్ గ్రూపు నడిపేది అతనే. "అందరికి కనవడేదే చూస్తే ఇగ ఆత్రేయ సార్ ఎందుకు?"

"పనికిరానివాడిలో ఏం కనిపిస్తుందయ్యా?"

సరిగ్గా అప్పుడే మా ఆయన నీళ్ళ క్యాన్ భుజాన పెట్టుకుని, గుమ్మానికి తగలకుండా తల వంచి వచ్చాడు. క్యాన్ దించి, "చట్నీ సరిపోయిందా సార్?" అని అడిగాడు కమలాకర్ గారిని.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, ఆ పనికిరానోడు ఈయనే. పేరు హనుమంతు. నా మొగడు. ఆయనల ఏమున్నదో ఆయన్నే అడుగుండ్రి," అన్నాను గరిటె పట్టుకునే.

కమలాకర్ గారికి పొలమారింది. మా ఆయనే గ్లాసు అందించి వీపు నిమిరాడు. "సార్ అన్నదాంట్ల తప్పేమున్నది మణీ? ఆయన నన్నెందుకు కొన్నడో నాగ్గూడ సమజ్ కాలే," అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకు కొన్నాడో నాకు తెలుసు.

వేలానికి ముందు ఆత్రేయ మా దుకాణానికి వచ్చి వెళ్ళాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆదివారాలు రహమత్‌నగర్ గ్రౌండులో మా ఆయన తోటి ఫైటర్లతో బంతాట ఆడేవాడు. చిన్నప్పుడు జిల్లా టీములో ఆడిన సరదా అది. అక్కడ చూశాడట. ఉప్మా తింటూ నాకు వివరంగా చెప్పాడు. బంతితో దూసుకొచ్చేవాడికి అడ్డంగా కాళ్ళు నేలకు ఆనించి కదలకుండా నిలబడాలి. వాడు వచ్చి గుద్దితే తప్పు వాడిది, బంతి మనది. చిన్న విషయమే. కానీ ఎవ్వరూ నిలబడలేరు.

"ఆఖరి క్షణంలో ఎంత మొనగాడైనా కళ్ళు మూస్తాడండీ. పక్కకి ఒరుగుతాడు. మీ ఆయన మూయడు. వేలంలో ఎవరూ దీనికి రేటు కట్టరు, ఎందుకంటే ఎవరూ ఇది చూడరు," అన్నాడు.

నిజమే. అది మా ఆయన గొప్పతనం కాదు, పని నేర్పిన అలవాటు. హీరో పిడికిలి ముఖం మీదికి వస్తుంటే ఫైటరు కళ్ళు మూస్తే మళ్ళీ టేక్. మళ్ళీ టేక్ అంటే ఫైట్ మాస్టర్ నోట బూతులు. పన్నెండు పదమూడేళ్ళుగా గుద్దును చూస్తూ గుద్దించుకుని పడ్డ మనిషి.

"పడ్డప్పుడు దెబ్బ తాకదా సార్?" అని అడిగాను.

"ఆయనకి పడటం వచ్చు కదండీ," అన్నాడు ఆత్రేయ. చెయ్యి కడుక్కుంటూ మా ఆయన భుజాలను, మెడను, మోకాళ్ళను సంతలో ఎడ్లను చూసినట్టు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. కానీ షూటింగు పిలుపులు తగ్గిపోయిన కాలం అది. జిమ్ముల్లో కండలు పెంచిన కుర్రాళ్ళు వచ్చాక మా ఆయనను వెనక వరసలో నిలబెట్టి పంపేస్తున్నారు. అందుకే వద్దనలేదు.

మొదటి మ్యాచ్‌కు యూసుఫ్‌గూడ స్టేడియంలో నేనూ, మా అమ్మాయి నిహారికా పై వరసలో కూర్చున్నాం. మా ఆయనను సగం ఆట అయ్యాక దింపారు. దిగీ దిగగానే అవతలి టీమువాడు, దున్నపోతంత మనిషి, బంతితో వచ్చి గుద్దాడు. మా ఆయన వెనక్కి ఎగిరిపడి, జారుకుంటూ గీత దాకా పోయాడు. విజిల్ పడింది. బంతి మనదయింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత స్టేడియం లేచింది.

నాలుగో మ్యాచ్‌కల్లా జనం ఆయనకు 'గోడ' అని పేరు పెట్టారు. ఆయన బెంచీ మీంచి లేస్తే చాలు, "గోడ! గోడ!" అని ఒకటే అరుపు. క్రాంతికుమార్ వాళ్ళు స్టూడియో గోడ మీద ఫ్లెక్సీ కట్టారు. మా నిహారిక స్కూల్లో టీచర్లు సహా మీ నాన్న ఎట్లా పడతాడు అని అడుగుతున్నారట. జూబ్లీహిల్స్ టీము గెలుస్తూ పోయింది. మా దుకాణంలో మాత్రం తగువు తెగలేదు.

"ఇది ఆట కాదండీ, యాక్టింగ్," అంటాడు కమలాకర్ గారు. "చిటికెనవేలు తగిలినా ఆమడ దూరం ఎగురుతున్నాడు."

"యాక్టింగయితే ఏంది సార్? రెఫరీ నమ్ముతుండా లేదా? బంతి మనకొస్తుందా లేదా? గదే ఆత్రేయ సార్ తెలివి. సినిమోల్ల దగ్గర దొరికే ఇద్యను ఆటల వెట్టిండు," అంటాడు క్రాంతి.

మా ఆయన దోసెలు తిప్పుతూ వింటాడు. యాక్టింగ్ అన్నవాళ్ళకూ, తెలివి అన్నవాళ్ళకూ ఒకేలా నవ్వుతూ వడ్డిస్తాడు. ఆ నవ్వు చూస్తే నాకు ముచ్చటేసేది, భయమూ వేసేది. ఆయన పడటం నేను వందల సార్లు చూశాను. సినిమాలో కింద పరుపులుంటాయి, అట్టపెట్టెలుంటాయి. పడేముందు మాస్టర్ లెక్క చెబుతాడు. ఇక్కడ కింద ఉన్నది చెక్క నేల, మీదికొచ్చేవాడు లెక్క చెప్పి రాడు. వెనక్కి పడ్డ ప్రతిసారీ ఆఖర్న తల టక్కున నేలకు తగులుతుంది. చప్పట్లలో ఆ చప్పుడు వినపడదు.

మే నెల ఎండలు ముదిరేసరికి ఇంట్లో ఒక్కొక్కటే మొదలయ్యాయి. ట్యూబ్‌లైటు వెయ్యొద్దనేవాడు. షట్టరు సగం దించి పనిచేసేవాడు. ఒకరోజు పెనం మీద పిండి పోసి, తిప్పి, ఎంతకీ కాలడం లేదేందని నన్ను పిలిచాడు. పొయ్యి వెలిగించలేదు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు, కానీ ఆయన నవ్వు ఆలస్యంగా వచ్చింది.

ఇంకోరోజు మధ్యాహ్నం ఫోను. "మణీ, నేను యూసుఫ్‌గూడ బస్తీల ఉన్న. ఇంటికి ఎట్ల రావాలె?"

పెళ్ళయినప్పట్నించీ ఆ దారిలోనే తిరుగుతున్న మనిషి. ఉన్నచోటే ఉండమని చెప్పి, ఆటో ఎక్కి పోయి తెచ్చుకున్నాను. మెడికల్ షాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే సిగ్గుపడ్డాడు.

"దవాఖానకు పోదాం పా," అన్నాను ఆటోలోనే. "తలకు స్కాన్ తీయిద్దాం."

"ఎండకు గట్లయింది. ఏం గాలే."

"ఏం గాలేదా? ఇల్లు మరిచిపోయినవయ్యా!"

"మెల్లగ మాట్లాడు," అన్నాడు డ్రైవరు వైపు చూసి. "స్కాన్ల ఏమన్న వస్తే మల్ల ఎవడు పిలుస్తడే? టీము పోతది, సినిమాలు గూడ పోతయి."

ఫైటర్లలో ఒక పద్ధతి ఉంది. పడ్డాక మాస్టర్ వచ్చి దెబ్బ తాకిందా అని అడుగుతాడు. పక్కటెముక విరిగినా సరే, "ఏం లేదు మాస్టర్, రెడీ" అనాలి. అన్నవాడికి మర్నాడు పిలుపొస్తుంది. తాకిందన్నవాడిని ఓదార్చి, కారిచ్చి ఇంటికి పంపుతారు, మళ్ళీ పిలవరు. మా ఆయనకు అది నాలుక మీద పచ్చబొట్టయింది.

టీము డాక్టరు దగ్గరకు నేనే లాక్కుపోయాను. ఆయన మంచివాడే. కూర్చోబెట్టి అడిగాడు. "తల తిరుగుతోందా? వాంతులేమైనా? వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా? ఏమైనా మర్చిపోతున్నారా?"

"ఏం లేదు సార్, రెడీ," అన్నాడు మా ఆయన, ఛాతీ విరుచుకుని.

"అబద్ధం సార్!" అన్నాను.

డాక్టరు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఆయన చెప్పాలమ్మా, మీరు కాదు," అన్నాడు. కళ్ళలో లైటు వేశాడు. ఆ లైటును కూడా మా ఆయన రెప్ప వాల్చకుండా చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ రెప్పల మీదే నాకు కసి పుట్టింది.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేస్తూ తిట్టాను. నీ తల నీదొక్కనిదేనా, పిల్లది ఏమైపోవాలె అని అడిగాను. ఆయన నా చేతిలో గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు.

"ఇన్నేండ్లు ఎవల చేతులనో తన్నులు తిన్న. తెరమీద మూడు సెకండ్లు కనవడితె నువ్వే నన్ను గుర్తువట్టకపోతుంటివి. ఇప్పుడు వాండ్లు నా పేరు అరుస్తున్నరే మణీ. ఇగ ఫైనలొక్కటే. అయినంక నువ్వు ఏ దవాఖానకు తీస్కపోతే ఆడికి వస్త."

ఆ ఫైనల్ అయ్యేదాకా ఆయన తల ఆగుతుందని నాకు నమ్మకం లేకపోయింది. మర్నాడు దుకాణం మూసి ఆత్రేయ ఆఫీసుకు పోయాను.

జూబ్లీహిల్స్‌లో పెద్ద అద్దాల మేడ. లోపల చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆత్రేయ లేచి నిలబడి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. నేను అన్నీ చెప్పాను. పెనం, ట్యూబ్‌లైటు, మెడికల్ షాపు అరుగు, డాక్టరు ముందు ఆడిన అబద్ధం. ఆయన ఒక్క మాటకు అడ్డు రాలేదు. మా ఇంట్లో కూడా ఎవరూ నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

"ఎన్ని రోజుల నుంచి ఇలా ఉందండీ?" అని అడిగాడు. చెప్పాను. "పెరుగుతోందా, తగ్గుతోందా?" పెరుగుతోందన్నాను. "ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు సార్. మీకే."

"మంచిది. ఇంకెవరికీ చెప్పకండి. ఫ్యాన్స్ నోళ్ళలో పడితే మీ ఆయనకే నష్టం. నేను చూసుకుంటాను." గుమ్మం దాకా వచ్చాడు. "హనుమంతు గారు మా టీముకి ఇక ఒక్క మ్యాచ్ కూడా ఆడరు. మాటిస్తున్నానండీ."

నేను దండం పెట్టాను. దారిలో బండి మీద మామిడిపళ్ళు కొనుక్కుని, వారం రోజుల తర్వాత మొదటిసారి నిమ్మళంగా ఇంటికొచ్చాను. నా మొగడి పేరు పోయినా తల మిగిలిందనుకున్నాను.

ఆ మూడోనాడు పొద్దున క్రాంతికుమార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు కూడా లేవు. "వదినా, నిజమేనా? అన్నను బంజారాకు ఇచ్చేసిండ్రా?"

ఫైనల్‌కు ముందు ఆటగాళ్ళను మార్చుకోవడానికి అదే ఆఖరి రోజట. ఆత్రేయ మా ఆయనను ఫైనల్లో మాతో ఆడబోయే బంజారాహిల్స్ టీముకు ఇచ్చి, బదులుగా ఇద్దరు కుర్రాళ్ళను తీసుకున్నాడు. ఇద్దరూ రాష్ట్రం టీములో ఆడేవాళ్ళు. మాట తప్పలేదు మహానుభావుడు. మా టీముకు ఆడడు అన్నాడు, ఆడడు.

నా చేతిలో గరిటె ఉంది, పెనం మీద దోసె మాడిపోతోంది. చుట్టూ మనుషులు ఒకరినొకరు మింగేసేట్టు అరుచుకుంటున్నారు.

"గోడను అమ్ముడేంది? పిచ్చి లేసిందా ఆత్రేయకు?" అన్నాడొకడు. క్రాంతి ఫ్లెక్సీ చింపేస్తానని లేచాడు. ఎన్నడూ ఆత్రేయను ఒక్క మంచిమాట అనని కమలాకర్ గారు మాత్రం చట్నీలో ఇడ్లీ ముంచుకుంటూ ఆలోచించి, తల ఊపాడు. "ఏదో ఉందయ్యా. చవగ్గా కొని, గిరాకీ బాగా ఉన్నప్పుడు అమ్మాడు. ఊరికే అమ్మడు. మనకి తెలియనిది ఆయనకేదో తెలుసు. మొదటిసారి ఒప్పుకుంటున్నాను, మనిషి మేధావే."

అప్పుడు అర్థమైంది నాకు. నేను ఆ చల్లటి గదిలో పెట్టి వచ్చింది నా భయం కాదు. అతనికి ఒక్కడికే తెలిసిన కబురు. మాడిన దోసెను గీకి పారేసి, పొయ్యి ఆపేశాను.

మా ఆయన లోపల్నించి తల దువ్వుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇన్నవా మణీ? ఇద్దరిని ఇచ్చి నన్నొక్కన్ని తీస్కున్నరు. ఇద్దరినే! గా పిల్లలు రేపు ఇండియాకు ఆడేటోల్లు!"

చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకుపోయి చెప్పేశాను. ఆత్రేయ దగ్గరకు పోయానని, అన్నీ చెప్పానని, చెప్పినందుకే అమ్మాడని.

ఆయన మొహంలో రంగు మారింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. చేతిలో దువ్వెన గూట్లో పెట్టి మెల్లగా అన్నాడు. "చెప్పినవన్నమాట. అయినా ఆయన నమ్మలే. నమ్మితె అవుతలోల్లకు అమ్ముతడా? దెబ్బ తిన్నోన్ని అమ్మి మోసం జేసేటోడా ఆయన? నేను మంచిగనే ఉన్ననని ఆయనకు తెలుసు. నీకే తెల్వది."

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

"నీది భయమే. భయపడేటోల్ల మాట నమ్ముతారా ఎవలన్న?" అని చెంప నిమిరి ప్రాక్టీసుకు వెళ్ళిపోయాడు.

నేను బంజారాహిల్స్ పోయాను. ఆ టీము మేనేజరు చంద్రశేఖర్ గారు, పెద్దవయసు మనిషి. నేను సగం చెప్పేసరికే కళ్ళజోడు తీసి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆత్రేయ పంపించాడా అమ్మా మిమ్మల్ని?"

"అయ్యో, దేవుని తోడు సార్! ఆయనకు తెల్వకుండ వచ్చిన."

"పోయిన సీజన్లో కూడా ఇలాగే చేశాడమ్మా. ఎవడికో కాలు విరిగిందని పుకారు పుట్టించి, మేం వదులుకున్నాక తనే పట్టుకుపోయాడు. ఇప్పుడు ఫైనల్లో మీ ఆయనంటే వాడికి భయం. నేను బెంచీ మీద కూర్చోబెట్టాలని మిమ్మల్ని తోలాడు." మా ఆయనను పిలిపించాడు. "ఏమయ్యా హనుమంతూ, ఒంట్లో ఎలా ఉంది?"

"ఏం లేదు సార్, రెడీ."

"చూశారా?" అన్నాడు చంద్రశేఖర్ గారు. పాపం, నన్ను కారులో దింపి రమ్మని డ్రైవరుకు చెప్పాడు కూడా.

ఆఖరికి దుకాణంలో నిలబడి అందరి ముందూ అరిచాను. మా ఆయన తల దెబ్బ తిన్నది, ఆత్రేయకు తెలుసు, తెలిసే అమ్మాడు అని. ఒకడు ఈల వేశాడు. "వదిన గూడ ఆత్రేయ టీమేరా! ఏం ప్లానురా బాబూ!" అని చప్పట్లు కొట్టారు. వీళ్ళకు ఎవడు నిజం చెప్పినా డైలాగే. క్రాంతి ఒక్కడు నా మొహం చూసి చప్పట్లు ఆపాడు.

ఫైనల్ రోజు నేను పోవద్దనుకున్నాను. ఇంట్లో ఉండలేక వెళ్ళాను. నిహారికను పక్కింటి నీలమ్మ దగ్గర వదిలి, ఈసారి కింది వరసలో, ఆట స్థలానికి దగ్గరగా కూర్చున్నాను. మా ఆయన ఒంటి మీద బంజారా టీము పసుపుపచ్చ బనీను. మొన్నటిదాకా "గోడ!" అని అరిచినవాళ్ళు "యాక్టర్! యాక్టర్!" అని అరుస్తున్నారు. అరుపు ఏదైనా ఆయన ఛాతీ పొంగుతూనే ఉంది.

మొదటిసారి పడి లేచాడు. రెండోసారి పడి, లేచి, అవతలి టీము బెంచీ వైపు నడవబోతే ఎవరో తిప్పి పంపారు. జనం విరగబడి నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. వెనకవాళ్ళు కూర్చోమని చీర కొంగు లాగారు.

మూడోసారి వచ్చినవాడు ఆత్రేయ బదులుకు తెచ్చుకున్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు. వాడి తప్పేమీ లేదు, వాడి ఆట వాడు ఆడాడు. మా ఆయన కాళ్ళు ఆనించి నిలబడ్డాడు. ఆఖరిదాకా చూస్తూనే ఉన్నాడు. పడ్డాడు. విజిల్ పడింది, బంతి బంజారాదయింది. పసుపుపచ్చవాళ్ళు గెలిచినంత గోల చేశారు, మావాళ్ళు యాక్టర్ అని గోల చేశారు. స్టేడియంలో అందరూ చప్పట్లు కొడుతున్నారు.

మా ఆయన లేవలేదు. నేను మెట్లు దిగుతున్నాను. ఎదురుగా బెంచీ దగ్గర ఆత్రేయ కనిపించాడు. చప్పట్లు కొట్టనివాడు అతనొక్కడే. తల వంచుకుని బూటు లేసు కట్టుకుంటున్నాడు.

మా ఆయన బతికాడు. తల తెరిచి గడ్డకట్టిన నెత్తురు తీశారు. చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం. కప్పు జూబ్లీహిల్స్‌కే వచ్చింది. ఆ కుర్రాళ్ళిద్దరూ ఇప్పుడు పెద్ద పేరున్నవాళ్ళు. ఆత్రేయ పళ్ళు, పూలు పంపించాడు. పూలు చెత్తబండిలో వేశాను, పళ్ళు నర్సులకు ఇచ్చాను.

మా ఆయన ఇప్పుడు నడుస్తాడు, తింటాడు, ప్లేట్లు తుడిచి పెడతాడు. నన్నూ పిల్లనూ గుర్తుపడతాడు. పెళ్ళి గుర్తుంది, పాత షూటింగులు గుర్తున్నాయి. ఆ ఎండాకాలం మాత్రం లేదు. ఎన్నిసార్లు చెప్పినా శ్రద్ధగా వింటాడు, అయ్యో అంటాడు, తెల్లారేసరికి పోతుంది. ఫ్యాన్స్ పెట్టిన పేరు కూడా పోయింది.

ఈ ఏడు మళ్ళీ సీజన్ మొదలైంది. మొన్న పొద్దున కొత్త గిరాకీ ఇద్దరు, ఏదో సీరియల్ ఆఫీసులో చేరినవాళ్ళు, ఇడ్లీ తింటూ అదే తగువు పెట్టుకున్నారు.

"గోడను అమ్ముడు తప్పే అన్నా. గాయన దెబ్బ తిన్నడని తెలిసే అమ్మిండట."

"తెలిస్తే ఏంది? గేమ్‌ల గంతే ఉంటది. చవకకు కొని టైముకు అమ్మిండు. మనకు కప్పు వచ్చిందా లేదా?"

మూలన టీ తాగుతున్న క్రాంతికుమార్ గ్లాసు కింద పెట్టాడు. "తమ్మీ, జర నోరు మూసుకొని తినుండ్రి," అన్నాడు. గ్రూపు ఎప్పుడో వదిలేశాడతను. కమలాకర్ గారు మా దుకాణం వైపు రావడమే మానేశాడు.

"ఎందుకు క్రాంతీ, మాట్లాడనీ," అన్నాడు మా ఆయన, ప్లేటు తుడుస్తూ. ఆయనకు ఇట్లాంటి కబుర్లంటే ఇప్పటికీ ఇష్టం. కుర్రాళ్ళ దగ్గరకు పోయి నిలబడ్డాడు. "ఎవలు తమ్మీ గా గోడ?"

వాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. ఎట్లా కొన్నది, ఎట్లా నిలబడేది, ఎట్లా పడేది. మా ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు శభాష్ అన్నాడు. అంతా విని నా దగ్గరకొచ్చి, పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"పాపం మణీ, గా మనిషి. పెండ్లాం పిల్లలు ఉన్నరా ఆనికి?"

"ఉన్నరు," అన్నాను.

"మరి వాండ్లకన్న తెల్వకపాయెనా, ఆనికి దెబ్బ తాకిందని?"

దోసె తిప్పాను. ఒక అంచు విరిగింది. "తెలుసు. ఆయన పెండ్లాం అందరికి చెప్పింది. ఎవలు నమ్మలే."

మా ఆయనకు నిజంగానే బాధేసింది. తల అడ్డంగా ఊపాడు.

"ఎవలు నమ్మకుంటె ఏమాయె? మొగడన్న నమ్మాలె గద," అని, తుడిచిన ప్లేటు నా చేతికిచ్చాడు.